సుగుణ కుట్టిన రెక్కలు

మా బావ శేషగిరి ఇంట్లో విమానం కడుతున్నాడంటే మా శాంటా క్లారాలో ఎవరూ నమ్మలేదు. మూడేళ్ళుగా అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో వాళ్ళ గరాజ్‌లో కారుకి చోటు లేదు. ఆ ఫిబ్రవరిలో మా చెల్లెలు సుగుణ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, శనివారం మొదటిసారి ఎగరేస్తారట. నువ్వొచ్చి చూడు. నువ్వు వద్దంటే మానేస్తానన్నారు."

నేను కంప్యూటర్ చిప్పుల మనిషిని. విమానాల గురించి నాకు తెలిసిందల్లా సీటు బెల్టు పెట్టుకోవడం. అయినా చెల్లెలు పిలిస్తే వెళ్ళకుండా ఉంటామా?

గురువారం సాయంత్రం శాన్ హోసేలో బస్సెక్కి, తెల్లవారాక లాస్ ఏంజిలిస్‌లో ఇంకో బస్సు మారాను. ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక మాట. స్టేషన్ శాండ్‌విచ్ మీద ఆశ పెట్టుకోకుండా పులిహోర కట్టుకోండి. ఎడారిలో ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు.

పక్క సీట్లో ఒక అమెరికన్ పెద్దావిడ గళ్ళనుడికట్టు నింపుతోంది. ఎక్కడికని అడిగితే, బావ చేసిన విమానం చూడ్డానికన్నాను.

"బొమ్మ విమానమా?"

"కాదు, మనుషులు ఎక్కేదే."

ఆవిడ పెన్సిల్ ఆపి, "మీరు మాత్రం ఎక్కకండి" అంది. మొదటి నలభై గంటలూ నడిపేవాడు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదని రూలుందని చెబితే స్థిమితపడి మళ్ళీ గళ్ళలో పడింది.

మధ్యాహ్నం ఫీనిక్స్‌లో దిగేసరికి బావ కారుతో సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా ఇంజను కబుర్లే. నేను ఊ కొట్టాను.

శనివారం పొద్దున్నే ఊరి బయట చిన్న రన్‌వే దగ్గరికి వెళ్ళాం. పచ్చరంగు విమానం, రెండు సీట్లు. రెక్కలకి తొడిగింది బట్టేనని తెలిసి, "చీర చుట్టావా ఏం?" అన్నాను.

"చీర కాదు బావా, లోపలి చెక్కపట్టీలకి కుట్టి, ఇస్త్రీపెట్టెతో బిగించి, రంగేశాం. కొట్టి చూడు, డప్పులా మోగుతుంది" అన్నాడు. నిజంగానే మోగింది.

బావ పరుగెత్తించి పైకి లేచాడు. ఊరి మీద రెండు చుట్లు తిరిగి, దిగేటప్పుడు మూడుసార్లు గెంతించి ఆగాడు. నేను చప్పట్లు కొట్టాను. సుగుణ మాత్రం కార్లో రన్‌వేకి వీపు పెట్టి, వాళ్ళ పాపకి నారింజపండు ఒలుస్తూ కూర్చుంది.

ఇల్లలకగానే పండగ కాదుగా. బావ దిగీ దిగగానే, "ఇంజను హీట్ అవుతోంది. స్పీడ్ గంటకి ఇరవై మైళ్ళు తక్కువొచ్చింది" అని మొహం ముడిచాడు. ఆ మధ్యాహ్నమే ఇంజను కింద వేడిగాలి పోయే దారి వెడల్పు చేశాడు. చక్రాలకి నున్నటి ఫైబర్‌గ్లాస్ తొడుగులు బిగించాడు. రెక్కల వెనక కదిలే భాగాల దగ్గర గాలి దూరే సందులన్నీ మూశాడు. ఆదివారం ఎగిరితే ఇంజను చల్లబడింది, పన్నెండు మైళ్ళు కలిసొచ్చాయి.

"ప్రొపెల్లర్ మారిస్తే మిగతా ఎనిమిదీ వస్తాయి" అని ఉబ్బిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర నేను విమానం భేషుగ్గా ఉందని తీర్పు చెప్పేశాను. చేయి కడుక్కోవడానికి లేస్తే సుగుణ వెనకే వచ్చింది.

"ఆయన పని మీద నాకు నమ్మకమే అన్నయ్యా. భయం నా పని మీద. రెక్కల కుట్లన్నీ నావే. కుడి రెక్క చివర రెండు పట్టీలు పాపకి జ్వరమొచ్చిన రోజు హడావిడిగా కుట్టాను. వాటి మీద టేప్ అంటించి పెయింట్ వేసేశాం. స్పీడ్ పెరిగేకొద్దీ గాలి ఆ బట్టని పైకి లాగుతుందట. ఆయన మూడేళ్ళ సరదా పాడుచేయడానికి నాకు నోరు రాలేదు."

'వద్దు' అన్న మాట నాచేత అనిపిద్దామనే ఇంతదూరం పిలిపించిందన్నమాట. జాలేసింది, కాస్త కోపమూ వచ్చింది. చేయి పట్టుకుని బావ ముందు నిలబెట్టాను. అంతా విని అతను కంచం పక్కకి నెట్టాడు.

"ఏ పట్టీలో చూపించు. రేపు విప్పుదాం" అన్నాడు.

సోమవారం బావ సెలవు పెట్టి, ఆ రెండు పట్టీల మీది రంగు కరిగించి టేప్ ఊడదీశాడు. సుగుణ ముడి తర్వాత ముడి గోటితో నొక్కి చూసింది. మొదటి పట్టీలో అన్నీ గట్టిగానే ఉన్నాయి. రెండోదానిలో చివరి ముడి వేలి కింద జారింది.

బావ తనూ ఆ ముడిని నొక్కి చూశాడు. భేషుగ్గా ఉందన్న నేను నేల చూపులు చూశాను. సుగుణ పొడుగు సూదీ మైనం దారమూ అడిగి, ఆ పట్టీ మొత్తం కొత్తగా కుట్టింది.

"స్పీడ్, స్పీడ్ అని నీ మొహం చూడనే లేదు సుగుణా" అన్నాడు బావ.

"ముందు ఆ టేప్ అందుకోండి" అంది.

మంగళవారం రంగు బాగా ఆరాక బావ రన్‌వేకి వెళ్ళాడు. సుగుణ నన్ను బస్సు ఎక్కించడానికి ఫీనిక్స్‌కి డ్రైవ్ చేస్తోంది. పత్తి చేల పక్కన పోతుంటే పైన మోత వినిపించింది. కారు పక్కకి తీసి ఆపి, దిగిపోయింది. నేనూ దిగాను.

పచ్చ విమానం మా మీదుగా వచ్చి, కుడి రెక్క పైకెత్తి తిరిగింది. సుగుణ కళ్ళకి చేయి అడ్డం పెట్టుకుని, అది పోయినంత మేరా మెడ తిప్పుతూ చూసింది.

"అన్నయ్యా, ఆ కుట్లు నావే" అంది.

బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు సాయంత్రానికి గాని లేదు. ఎడారి చూశాను, గాల్లో తిరిగే బావనీ చూశాను. ఆ ప్రయాణం తలుచుకుంటే మాత్రం రోడ్డు పక్కన తలెత్తి నిలబడ్డ మా చెల్లెలే ముందు కనిపిస్తుంది.