ఇంకా టైముంది

మా చెల్లెలు బస్టాండులో విచారణ కౌంటరు మనిషి. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పడమే దాని ఉద్యోగం. తెలియకపోయినా చెప్పాలి. "ఇంకా టైముంది, అలా వెళ్ళి టీ తాగి రండి" అంటే ఎంత ఒంటికాలిమీద లేచినవాడైనా చల్లబడతాడట.

అలాంటిదాన్ని పట్టుకుని వీధి వీధంతా ఒకటే పోరు, "ఎప్పుడు? ఇంకా కాలేదా?" అని. కాన్పుకి డాక్టరు చెప్పిన తేదీ ఎప్పుడో దాటిపోయింది. పొట్ట కిందికి జారింది, ఇవాళో రేపో అంటుంది పక్కింటావిడ. ఎక్కడ జారిందని దాని అత్తగారు దెబ్బలాటకి దిగుతుంది. మెట్లెక్కితే నొప్పులొస్తాయంటే ఎక్కింది. ఇల్లు తుడిస్తే వస్తాయంటే తుడిచిన గదే మళ్ళీ తుడిచింది. కాళ్ళు వాచి చెప్పులు పట్టకుండా పోయాయి గానీ నొప్పులు రాలేదు. వచ్చాయనుకుని రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తితే, "ఇవి దొంగనొప్పులమ్మా" అని నర్సు నవ్వి పంపేసింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చెల్లెలి బెంగ వేరు. మా మరిది, అంటే దాని మొగుడు, బస్సు డ్రైవరు. మొదటి కాన్పప్పుడు ఎక్కడో దారిలో ఉండిపోయి మర్నాడొచ్చాడు. ఈసారి కనీసం ఆసుపత్రి వరండాలోనైనా ఉండాలని అతని దగ్గర మాట తీసుకుంది. పాపం, సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు.

ఆ పొద్దున డిపో నుంచి ఫోనొచ్చింది. ఒక్క ట్రిప్పుకి మనిషి కావాలి, సాయంత్రానికి వచ్చేయొచ్చు అన్నారు. మరిది బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళనా? ఎలా ఉంది నీకు?"

దానికి అప్పటికే నడుము పట్టేస్తోంది. మళ్ళీ దొంగనొప్పులైతే ఆ నర్సు ముందు తలెక్కడ పెట్టుకోవాలనుకుంది. పైగా అడగ్గానే జవాబిచ్చేసే నోరాయె.

"ఇంకా టైముంది, మీరు వెళ్ళిరండి" అనేసింది.

కౌంటరు టైముందంటే డ్రైవరుకి ఉన్నట్టే. వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో ఉన్నాను గానీ, లేకపోతే ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసేదాన్ని.

మధ్యాహ్నానికల్లా ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రి దారి పొడుగునా అది నా చెయ్యి నలిపేస్తూ, "ఆయనేరీ అక్కా?" అంటూనే ఉంది. మరిది ఫోను మోగుతూనే ఉంది. బండి నడిపేటప్పుడు అతను ఫోను తీయడు. ఆడపిల్ల పుట్టింది.

సాయంత్రం యూనిఫాంతోనే ఉరుక్కుంటూ వచ్చాడు మరిది. "టైముందన్నావు కదే!" అన్నాడు.

అది పిల్లని దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగింది.

"నేను వెళ్ళమన్నాను, సరే. మీరు ఉండిపోవాల్సింది."