సేద్యం మాస్టారి ‘ఆయ్’

మాణిక్యాలరావు మాస్టారు చేపలవేట చేసేవాళ్ళింట పుట్టి నాగలి పట్టిన మనిషి. తొంభై ఆరు తుపానులో తండ్రి పడవతో సహా పోతే, అల్లవరం దగ్గర ప్రకాశరావు గారు పెట్టిన హాస్టల్ బళ్ళో చేరారు. ప్రకాశరావు గారు కుర్రతనంలో దేశాలు తిరిగారు. ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్న యూదుల పిల్లల్ని చేరదీసి సేద్యం నేర్పే బడిని ఎక్కడో చూశారట. సముద్రం తండ్రుల్ని మింగేసిన పిల్లలకి ఇక్కడ అలాంటిదే కట్టారు. పొద్దున పాఠాలు, సాయంత్రం పొలం. తినే గింజలు ఆ పొలంలోవే.

చదువయ్యాక మాణిక్యాలరావు అక్కడే సేద్యం మాస్టారయ్యారు. పెద్దాయన ప్రకాశరావు గారు పోయాక చుట్టూ వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. మిగిలింది బడి వెనక పొలం ఒక్కటే. అందులోకీ ఉప్పునీరు వచ్చిందంటే ఇక బడి లేనట్టే. మాస్టారి భయమంతా అదే.

నిరుడు కమిటీ పగ్గాలు పెద్దాయన కోడలు మాధవీలత గారి చేతికొచ్చాయి. మంచి మనిషే, కాకపోతే కర్నూలు వైపు పుట్టి హైదరాబాదులో స్థిరపడ్డారు. మీటింగు పెట్టి, పొలం చెరువులకి లీజుకిస్తే పిల్లలకి కంప్యూటర్లు కొనొచ్చని చెప్పుకొచ్చారు. మాస్టారు చేతులు కట్టుకుని మాటమాటకీ “ఆయ్” అన్నారు, “ఆయ్ అండి” అన్నారు. ఆ ‘ఆయ్’కి అర్థం వింటున్నాను, కానివ్వండి అని. అవతలి వాళ్ళు ముగించాకే మన మాట చెప్పుకోవడం ఇక్కడి మర్యాద. ఆవిడ మాత్రం లేచి, “మాస్టారే ఒప్పుకున్నారు, ఇంక నాకు దిగుల్లేదు” అనేశారు. చప్పట్లు మోగాయి. నిండు సభలో ఆడమనిషిని కాదనడమెలాగని ఈయన కట్టుకున్న చేతులు విప్పకుండానే ఇంటిదారి పట్టారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెతే ఉంది కదా! బడి మునిగిపోతుంటే మర్యాదేమిటి? వింటే ఒళ్ళు మండదూ?

మర్నాడు ఫోను చేశారు.

“అమ్మగారూ, నేను ఒప్పుకోలేదండి. ఆయ్ అన్నానండి, అంతేనండి.”

“రెండూ ఒకటే కదా మాస్టారూ?”

అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా? “ఆయ్” అనేసింది. నాలిక కరుచుకునేలోపే అవతల ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత కాళ్ళరిగేలా తిరిగినా సంతకాలైపోయాయన్న మాటే మిగిలింది. పొక్లెయిన్లు దిగాయి. పొలంలోకి ఉప్పునీరు పెట్టారు. కంప్యూటర్లు వచ్చేసరికి బడి బోరు ఉప్పెక్కి తాగడానికి నీళ్ళు లేకుండా పోయాయి. పిల్లలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు.

ఆఖర్న పైడమ్మ వచ్చింది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాకపోతే, కొడుకు తేజని తెచ్చి మాస్టారి చేతుల్లో పెట్టిన మనిషి. ఊడ్పుల్లో ఆ పిల్లాడి చెయ్యి చూసి మాస్టారు మురిసిపోయేవారు.

“మా వోడికి ఆ చెరువు మీదే కాపలా పనిచ్చేరండి. చదువు మానిపించేసేనండి. పొలం మీరే ఇప్పించేరంట కదండీ. మీ పుణ్యాన మా పొయ్యి వెలుగుద్దండి, మీరు చల్లగుండాలి” అంటూ పైడమ్మ దండం పెట్టింది.

దానికి బదులు నాలుగు తిట్టి ఉంటే మాస్టారు బతికిపోయేవారు.