పెట్టెలో ఎర్రంచు గుడ్డలు

కోడలు పోయిన మూడో ఏట నేను అమలాపురం కచేరీలో గుమాస్తా పని మానుకుని రాజోలు దగ్గర మా ఊరు చేరాను. అబ్బాయి గన్నవరం దగ్గర గోదావరి మీదుగా కాలువ దాటించే కట్టడం పనిలో ఉండేవాడు. ఇంట్లో నేనూ, పదకొండేళ్ళ మనవరాలూ. వంట నేనే చేసేవాణ్ణి. పిల్లకు ఏడో ఏటే నర్సాపురం సంబంధం చేశాం. పెద్దమనిషి అయితే అత్తవారు తీసుకుపోతారు. ఆ రోజు ఎంత ఆలస్యమైతే అంత మేలని ఉండేది నాకు. అది వెళితే ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదు.

ఆ వానాకాలం నర్సాపురం నుంచి ఒక విధవరాలు సఖినేటిపల్లి రేవు దాటి వచ్చి, మా వీధి చివర తమ్ముడి ఇంట్లో దిగింది. ఊళ్ళో తల్లిలేని ఆడపిల్లలు నలుగురుంటే, నలుగురినీ మధ్యాహ్నాలు అరుగు మీదికి పిలిచి తల దువ్వడం, పేలు తీయడం, గంజి వార్చడం నేర్పడం మొదలుపెట్టింది. చెయ్యమని ఎవరూ అడగలేదు.

ఊరికే పనిచేసేవాడు ఎవరి తరఫునో చేస్తున్నాడని కచేరీలో నేర్చుకున్నాను. పిల్ల వెళ్ళిన వేళా, వచ్చిన వేళా రోజూ నా దినచర్యలో రాసుకునేవాణ్ణి. ఒకరోజు ఆవిడ వీధిలో నన్ను ఆపింది.

"బాబుగారండీ, పిల్లకి ఎన్నో ఏడండీ? ఏ మాసంలో పుట్టిందండీ?"

"గుర్తులేదమ్మా."

పుట్టిన ఘడియతో సహా నా పుస్తకంలో ఉంది.

"తాలూకాలో పొలాల హద్దులన్నీ నోటికి చెప్పేవారంట. మనవరాలి వయసు గుర్తులేదాండీ?" అని నవ్వి వెళ్ళిపోయింది.

పిల్ల ఎప్పుడు ఎదుగుతుందో అత్తవారికి చేరవేయడానికే వచ్చిందని తేల్చుకున్నాను. ఆ వారమే పిల్ల బట్టల పెట్టె అడుగున ఉతికి మడతపెట్టిన గుడ్డ ముక్కలు కనిపించాయి. మెత్తటి చీర ముక్కలు, ఎర్రంచు. తెల్లచీర కట్టే మనిషి దగ్గర ఎర్రంచు ఎక్కడిది? అత్తవారే ఆవిడ చేత పంపి ఉండాలి.

"ఇవి ఎందుకే?"

"మగవాళ్ళకి చెప్పకూడదంట తాతయ్యా."

"అయితే రేపటి నుంచి అక్కడికి వెళ్ళకు."

పన్నెండు రోజులు వెళ్ళలేదు. పదమూడో రోజు పొద్దున్న పెరటి వసారాలో చాప వేసుకుని, పక్కన చెంబు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇటు రాకండి తాతయ్యా. ముట్టుకోకూడదు. ఆవిడకి చెప్పండి."

విషయం తలకెక్కడానికి కొంత సేపు పట్టింది. "భయమేసిందా?" అని దూరం నుంచే అడిగాను.

"ఎందుకూ? ఆవిడ ముందే చెప్పేరుగా. గుడ్డలు కూడా ఇచ్చేరు."

మొదటిసారి ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. సంగతి చెప్పగానే మరదల్ని కేకేసింది. "ఇలాంటి శుభానికి నేను రాకూడదండి. కూర్చోబెట్టడానికి ఇది వస్తాదండి."

"నర్సాపురానికి కబురు ఎప్పుడు పంపుతావు?" అన్నాను.

"నేనెందుకు పంపుతానండీ? పంపాల్సింది తమరండి."

"నువ్వు వాళ్ళ మనిషివి కాదూ? ఆ ఎర్రంచు గుడ్డలు..."

"అయ్యో, అవి నా సారె చీరలండి. కట్టుకునే రాత పోయింది, పెట్టెలో ఉండి ఏం చేస్తాయండీ? చింపి నలుగురికీ పంచేను. తమరు పెట్టెలు కూడా వెతికేరన్నమాట!"

"కబురు పంపకపోతే?" అని గొణిగాను.

"దాచకండి బాబుగారూ. దాస్తే రేపు పిల్లకే మాట వస్తాది. కబురు పంపండి. పనులింకా చేతికి రాలేదు, తల్లిలేని పిల్ల, ఆర్నెల్లు ఆగమని రాయండి. ఆ ఆర్నెల్లూ నేను నేర్పుతానండి."

"ఒప్పుకుంటారా?"

"ఆయ్. పనిరాని కోడలు ఎవరికి కావాలండీ?"

అలాగే రాసి చాకలి చేత పంపాను. చైత్రం దాకా ఆగుతామని జవాబు వచ్చింది.

నిజానికి అప్పటికే ఆ పిల్ల నాకంటే బాగా గంజి వార్చేది. నేర్పిన మనిషికి అది తెలియదా? తెలిసీ ఆర్నెల్లు ఎందుకు అడిగించిందో, పిల్ల కోసమా, నన్ను చూసి జాలిపడా, మరింకేదైనా ఉందా అన్నది నేను అడగలేదు. పిల్ల మైల స్నానం చేసిన మర్నాటి నుంచి నేనే దాన్ని ఆ అరుగు దాకా దిగబెట్టి, వీధి మలుపులో కాసేపు నిలబడి, ఆవిడ ఏం చెబుతోందో విని మరీ వచ్చేవాణ్ణి.