టీవీ తుడిచే గోవిందప్ప

పుంగనూరు గోవిందప్పకి ఒకటే జబ్బు. సినిమా మంచి పట్టులో ఉండంగా లేచిపోయి టీవీ తుడుస్తాడు.

టీవీ, వీడియో డెక్కు, క్యాసెట్లు అద్దెకిచ్చే అంగడి ఆయప్పది. పెండ్లికూతురెమ్మడి తోడుపెండ్లికూతురు వచ్చినట్టు డెక్కు వెంబడి తనూ వస్తాడు. హీరో కత్తి ఎత్తుతాడు. అంతే, గోవిందప్ప భుజం మీది తుండుగుడ్డ తీసి టీవీకి అడ్డం నిలబడతాడు. ఆ వీపేమన్నా చిన్నదా? ఎలచ్చను పోస్టరు అంటించినా ఇంకా జాగా మిగులుతాది.

"జరుగప్పా! ఎవురు సచ్చిరో కనపడలా!"

"దుమ్ము పడిందప్పా. సచ్చినోడు యాడికి పోతాడు, ఆడనే ఉంటాడు."

తుడిచేది అయ్యేలోపల విలన్ సచ్చి, పెండ్లి జరిగి, శుభం కార్డు గూడా పడిపోయుంటాది. ఊర్లో సగం మందికి ఏ సినిమాలో ఎవురు గెలిచిరో ఇప్పటికీ తెలీదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆ తుడుపుకి బలైంది 'బావిలో కోడలు' సినిమా. మీగడ తినిందని అత్తగారింటోళ్లంతా ఏకమై కోడల్ని బావిలోకి తోసేస్తారు. అది దయ్యమై ఎక్కి వచ్చి ఒక్కొక్కర్నే లాక్కొని పోతాది. తీసింది సోమల ఊరి పక్కన. ఆడింది కుప్పంలో రెండే వారాలు. మదనపల్లె హాళ్లోళ్లు వద్దనేసినారు. అయితేనేమి, క్యాసెట్టు వచ్చినాక జనం దాన్ని దేవుని సినిమా కంటే భక్తిగా చూసినారు. గుమ్మడికాయ కొట్టందే డెక్కులో పెట్టనీరు. అది ఏసిన వారమంతా ఊర్లో అత్తలు కోడండ్లని పిలిచి మరీ మీగడ పెడతారు. వారం దాటినాక మళ్లా మామూలే.

ఊర్లో పాలు పోసే సుభద్రమ్మ గూడా ఆ సినిమాలో ఏసిండాది. దయ్యానికి ఎదురుపోయి, "ఆగే! నీ పగ నాకు చెప్పుకో, నీ తరపున నేనడుగుతా!" అని డైలాగు చెప్పిందంట. షూటింగోళ్లంతా చప్పట్లు కొట్టిరంట. పాలల్లో నీళ్లు ఎక్కువైనాయని ఎవురన్నా అంటే ఆయమ్మ ఆ డైలాగే ఎత్తుకుంటాది. దయ్యాన్నే నిలేసినామెతో చెంబుడు నీళ్ల కోసరం ఎవురు పెట్టుకుంటారు?

ఆ సీను కాడ గోవిందప్ప తుడిచే తుడుపు ఇంతా అంతా కాదు. "సౌండు సరిగా రాదప్పా" అంటా, ఆ డైలాగు తనే ఆడగొంతుతో అరిచేస్తాడు.

యెనక నుండి సుభద్రమ్మ మెడ సాస్తాది. "జరుగు గోవిందప్పా, నా మొగం!"

"అయిపాయ కదక్కా! బలే చేసినావు!"

రెండువేల మూడులో ఆ సినిమా సీడీగా మళ్లా దిగింది. మదనపల్లె బస్టాండులో కుప్పలు కుప్పలుగా పెట్టి అమ్మినారు. 'కొత్త రంగులు! ఒక్క సీను గూడా కోయలేదు!' అని అట్ట మీద. ఆ అట్ట మీద దయ్యం పౌడరు రాసుకొని మూడు మూర్ల మల్లెపూలు గూడా పెట్టుకోనుండాది. గోవిందప్ప ఎదురంగడి వెంకటేష్ ఒకటి తెచ్చినాడు.

"ఆదివారం పగలు మా ఇంట్లో ఏస్తాండా. సుభద్రమ్మని గూడా పిలిచినా."

ఆ మాట ఇని గోవిందప్ప బెదిరిపాయ. యాలంటే, ఊర్లోంచి పోయి ఆ సినిమాని కుప్పం హాల్లో మొదటాటే చూసిన మనిషి ఆయప్పొకడే. అందులో డైలాగు లేదు. కోసి పారేసినారు. ఉండేదల్లా ఏందంటే, సుభద్రమ్మ దయ్యాన్ని చూసి పరిగెత్తి, కాలు జారి, పేడగుంతలో బోర్లా పడేది. హాలంతా విజిల్సు. ఊరికి తిరిగొచ్చి చూస్తే ఆయమ్మ కండ్లు మెరిపిస్తా వీధి వీధికి డైలాగు చెప్తాండాది. ఆ దినం ఎక్కింది భుజం మీదికి తుండుగుడ్డ. ఆ ఒక్క సీనే తుడిస్తే అనుమానం వస్తాదని అన్ని సినిమాలూ తుడిచినాడు. ఒక్క పేడగుంత కోసరం ఊరి సినిమాలన్నీ నాశనం చేసినాడు మహానుభావుడు.

పరిగెత్తిపోయి వెంకటేష్‌ని పట్టుకున్నాడు. "సీడీకి దుమ్ము పట్టింది, ఇయ్యప్పా, తుడిచిస్తా."

"నువ్వు తుడిస్తే లోపలుండే దయ్యం గూడా పారిపోతాది. పో పో."

ఆదివారం ఇల్లంతా జనం. సీను దగ్గర పడంగానే గోవిందప్ప లేచినాడు. చెరో చెయ్యి పట్టి ఇద్దరు కుదేసినారు. "ఈపొద్దు తుడిచినావంటే నిన్నే బావిలో ఏస్తాం!"

టీవీలో సుభద్రమ్మ పరిగెత్తింది. జారింది. దబ్బుమని పడింది. లేస్తే ముక్కు, నోరు, కొప్పు అంతా పేడే. సీను అయిపాయ. జనమంతా సుభద్రమ్మ దిక్కు తిరిగినారు. గోవిందప్ప కండ్లు మూసుకున్నాడు.

"వెంకటేశా, యెనక్కి తిప్పు" అనింది సుభద్రమ్మ.

తిప్పినాడు. ఆయమ్మ మళ్లా పడింది.

"పన్నెండేండ్లు నువ్వు తుడిచింది ఇదా గోవిందప్పా?"

"ఊరు నవ్వుతాది, నువ్వు సిన్నబోతావు అనుకుంటినక్కా..."

"పిచ్చోడా! పేడ అంటనోళ్లు ఈ ఊర్లో ఎవురుండారప్పా? పన్నెండేండ్లు నా మొగం నాకే సూపకపోతివే!" అంటా ఆయమ్మ లేచిపోయి టీవీ మూలకి ఏలు పెట్టింది. "ఈడ సూడండి అందరూ."

చూసినారు. గుంత గట్టున తెల్లకోక దయ్యం నిలబడుండాది. ఇంటిల్లిపాదిని పీక్కుతినిన దయ్యం. జుట్టు మొగానికి అడ్డమేసుకొని, భుజాలు ఎగరేస్తా, నవ్వు ఆపుకోలేక సస్తాండాది.

ఇల్లు పగిలిపొయ్యేటట్టు నవ్వినారు.

"హీరో నవ్విచ్చలా, డైరెక్టరు నవ్విచ్చలా. దయ్యాన్ని నవ్విచ్చింది నేను!" అని గోవిందప్ప పక్కన సర్దుకొని కూసుండి, ఆయప్ప వీపు మీద ఒక్కటి చరిచింది.

"వెంకటేశా, ఇంకోసారి పడతా. ఏయి."