డెలానీపూర్ కుళాయి

దీవిలో షిప్పులాగే జెట్టీకి వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఇద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. డెలానీపూర్ మలుపులో, స్టాపు లేనిచోట, ఎవరూ అడక్కుండానే బస్సు ఆగింది. ఆయన దిగారు.

"ఎందుకాపేవు భయ్యా? షిప్పు ఎల్లిపోద్ది!" అని కండక్టరు మీద తెలుగులో అరిచాను.

"ఛైర్మన్ సాబు కుళాయి కట్టీసి వస్తారు, ఆగు. మునిసిపాల్టీ నుంచి దీవులన్నిటి కౌన్సిల్‌కి ఎల్లిపోనారు, సర్కారు కారిచ్చినారు. అయినా ఈ బస్సే ఎక్కుతారు."

అది ఊళ్లో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఎండాకాలం. రోడ్డు పక్క కుళాయి ధారగా కారిపోతోంది. ఆయన వంగి, రెండు చేతులా బిగించి, ఆఖరి చుక్క ఆగేదాకా అక్కడే నిలబడ్డారు. నిండు బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు.

తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చి, ఈసారి తెలుగులో అన్నారు: "ఏటనుకోకు బాబూ. ఇది నేనేయించిన కుళాయి. నీరు పోతంటే నా వొంట్లోంచి పోతన్నట్టుంటాది."

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ బస్సెక్కాను. ఆయన పోయారని అప్పటికే విన్నాను. ఆ మలుపులో బస్సు ఆగింది. కాలేజీ పిల్ల ఒకతె, ఆయన్ని చూసి ఉండే వయసు కాదు, పుస్తకాలు సీట్లో పెట్టి దిగింది. ఆమె కుళాయి కట్టేసి వచ్చి కూర్చున్నాకే డ్రైవరు గేరు వేశాడు.