విప్పు, మళ్ల కుట్టు!

జమునాబాయికి లోకంలో ఒకటే సరదా, ఎదుటివాళ్లు కుట్టింది విప్పించడం. బట్టల ఆర్డర్లిచ్చే లత మేడం బాన్సువాడలో పది రోజుల లంబాడీ అద్దాల కుట్టు శిక్షణ పెట్టి, ఈవిడను తండా నుంచి గురువుగా తెచ్చింది. కుట్టు నేర్పేవాళ్లను చూశాను కానీ, విప్పడం నేర్పే మనిషిని అక్కడే చూశాను.

కుట్టుతోపాటు కథ కూడా చెప్పేది. వాళ్ల తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని దేశాలు తిరిగిన కథ. ఒక్కో అద్దాల వరుస ఒక్కో మజిలీ. ఎవరి కుట్టు తప్పినా వరుస విప్పాలి, కథ మొదటికి రావాలి. వారం గడిచినా ఆ ఎద్దులు పొలిమేర దాటలేదు. ఉప్పు మాత్రం ఈపాటికి కరిగిపోయి ఉంటుంది.

నేను, షాగుఫ్తాను, ఇరవై ఏళ్లుగా టైలర్ని. బీర్కూర్ నుంచి కూడా పెళ్లి బట్టలు నా దగ్గరికే వస్తాయి. అయితే ఏం లాభం?

"గీ కుట్టేంది? విప్పు!"

"తప్పేమున్నది అక్కా?"

"ఎద్దు మూతి వంకర వోయింది."

"ఎద్దేడున్నది? గిది అద్దమే గదా!"

"ఎద్దు కనిపిస్తలేదా? గదే తప్పు. విప్పు!"

నా పక్కన జమ్లి కూర్చునేది. చెరుకు మిషన్లో రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి. నేను మూడు వరుసలు కుట్టేలోగా ఆమె ఒకటి కుట్టేది, అదీ నిజంగానే వంకర. అయినా ఆమెను ఒక్కనాడూ విప్పమనలేదు. నాకు ఒళ్లు మండింది.

"మీ తండా మనిషని ఇడిసిపెడుతున్నవా?" అని అడిగేశాను.

జమునాబాయి నన్ను వరండాలోకి లాక్కెళ్లింది. "అందరికంటె ఎనకబడ్డోళ్లకు ఆర్డర్లియ్యనని లత మేడం చెప్పలేదా? జమ్లికి ఇగ వేరే ఆధారం లేదు. నీ కుట్టు మంచిగనే ఉన్నది షాగుఫ్తా. ఏం జెయ్యాలె మరి, మీరు జమ్లిని దాటిపోకుండ విప్పిస్తున్న."

యా అల్లా! ఇంత దొంగ గురువా! నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా జమ్లికి తప్ప అందరికీ చెప్పేశాను.

ఆఖరి రోజు అందరివీ అయిదు వరుసలయ్యాయి. జమ్లిది నాలుగున్నర దగ్గర ఆగింది. బయట లత మేడం జీపు ఆగింది. ఎన్నడూ నోరు మూయని జమునాబాయి బిక్కచచ్చి నిలబడింది. ఆ ముఖం చూడలేక కత్తెర తీసి నా అయిదో వరుస సగం విప్పేశాను. నన్ను చూసి మిగతావాళ్లూ గబగబా విప్పారు.

"అందరూ సమానమే! తీసేద్దామంటే ఒక్కరూ లేరే!" అంటూ లత మేడం అందరి పేర్లూ రాసుకుంది. జమ్లి నవ్వు చెవులదాకా పాకింది.

జమునాబాయి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. దీవిస్తుందేమోనని తల వంచాను. ఆమె నా గుడ్డ లాక్కుని వెలుగులో పెట్టి చూసింది.

"షాగుఫ్తా, గిట్లనా విప్పేది? దారం తెంపినవ్. మళ్ల కుట్టు, మళ్ల విప్పు!"