రావ్ మేడమ్ నీళ్ల లైను

నాంచారమ్మ పుట్టింటివాళ్ల పేర్లలో ఎక్కడా రావు అన్న ముక్క లేదు. అయినా ఉర్లా పారిశ్రామికవాడలో ఆమె పనిచేసే పైపుల ఫ్యాక్టరీలో గేటు దగ్గరి గార్డు మొదలు యజమాని సేఠ్‌జీ దాకా అందరికీ ఆమె రావ్ మేడమే. రాయపూర్‌లో తెలుగువాళ్లంటే రావులే మరి. మొదట్లో సరిదిద్దేది. మల్లేశ్వరరావుతో పెళ్లయ్యాక, "ఇప్పుడు మీ మాట నిజమైంది, పిలుచుకోండి" అని వదిలేసింది.

తండ్రి బందరు వైపు నుంచి రోలింగు మిల్లులో పనికని వచ్చి, ఉర్లా పక్కనే ఉన్న బీర్‌గావ్‌లో స్థిరపడ్డాడు. ఆమె అక్కడే పుట్టి పెరిగింది. మెకానికల్ డిప్లొమా చేసి ఈ ఫ్యాక్టరీలో చేరింది. పదేళ్లు తిరిగేసరికి షెడ్డు మొత్తం ఆమె చేతికిందికి వచ్చింది. గొంతు పెద్దది. గ్రైండర్లు ఆపకుండానే ఆమె మాట షెడ్డు ఆ చివరికి వినబడేది.

2011లో జపాన్‌లో భూకంపం వచ్చి, ఆ వెంటే సముద్రం మీదపడి ఒక అణు విద్యుత్ కేంద్రంలో కరెంటు పోయింది. పంపులు ఆగిపోయాయి. చివరికి ఫైరింజన్లతో నీళ్లు కొట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత మన కేంద్రాల్లోనూ, ఆపద వేళ బయట నిలబెట్టిన ఫైరింజను నుంచి నేరుగా లోపలికి నీళ్లు ఎక్కించే అదనపు పైపులైన్లు వేయడం మొదలుపెట్టారు. సముద్రం ఒడ్డున ఉన్న అలాంటి ఒక కేంద్రానికి లైను చేసే పని ఉర్లాకు వచ్చింది.

ఆ సాయంత్రం నాంచారమ్మ ఈ సంగతి చెబితే మల్లేశ్వరరావుకు ఒక పట్టాన అర్థం కాలేదు. అతను దగ్గర్లోని తిల్దాలో ఒక రైసుమిల్లులో బాయిలరు చూస్తాడు.

"మా బాయిలరు నీళ్లు తగ్గితే మంట లాగేస్తాం. అంతటితో సరి. వాళ్లూ ఆపేసుకోవచ్చుగా?"

"ఆపేస్తారండీ. ఆపినా దాని వేడి చావదు. రోజుల తరబడి లోపల పుడుతూనే ఉంటుంది. దానికి నీళ్లు తప్ప వేరే మందు లేదు."

"అయితే ఆ గొట్టమే దానికి ప్రాణమన్నమాట."

"మిగతావన్నీ పోయిన రోజున, అవును."

పని జోరుగా సాగింది. వెల్డింగు చేసిన ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీశారు, అన్నీ నెగ్గాయి. తనిఖీకి కేంద్రం తరఫున ఫణిశ్రీ అనే ఇంజనీరు వచ్చింది. వరంగల్ అమ్మాయి. అతుకుల్ని ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి, "మస్తు నీట్‌గా చేసిన్రు మేడమ్. పాస్ ముద్ర వేసేస్త" అంది.

"ముద్ర సోమవారం వెయ్యండి. రేపు ఆదివారం, ఛుట్టీ. నాకు ఈ లైనులో నీళ్లు ఎక్కించి చూడాలనుంది."

"ప్రెషర్ టెస్టు అయింది గద మేడమ్? చుక్క గూడ కారలే."

"అప్పుడు బిగించింది మనవాళ్లే, పంపు తిప్పిందీ మనవాళ్లే. ఆపద వచ్చిన రోజున మనం ఉండంగా? ఏ ఊరి నుంచో వచ్చిన ఫైరింజను వాళ్లు, చేతులకు లావుపాటి గ్లవ్సులతో, కంగారులో తగిలించాలి. ఎప్పుడూ చూడనివాళ్ల చేత చేయించి చూద్దాం."

ఆర్డర్లో ఇలాంటి పరీక్ష రాసి ఉందా అని సేఠ్‌జీ హిందీలో అడిగాడు. "లేదు సేఠ్‌జీ. అక్కడ పనిచెయ్యకపోతే మాత్రం మన పేరు రాస్తారు" అంది నాంచారమ్మ. ఆయన నవ్వి తాళాలు ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే తన వీధి ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. ఎండాకాలం బీర్‌గావ్‌కు ట్యాంకర్లు వస్తాయి. గొట్టం లాగి డ్రమ్ములో పడెయ్యడం వాళ్లకు ఏటా ఉన్న పనే. ఫైరింజను గొట్టం తగిలించే ఈ ఇనుప నోరూ, దాని మూతా మాత్రం వాళ్లెన్నడూ చూడలేదు. అందుకే వాళ్లను ఎంచుకుంది. యార్డులో లైను నిలబెట్టి, పై చివర ఎత్తు మీద ఒక నీళ్ల టంకీ పెట్టించింది. ట్యాంకరూ, డీజిలు పంపూ, ఫైరింజను గొట్టమూ సిద్ధంగా ఉన్నాయి.

గ్లవ్సులు తొడుక్కుని ముందుకు వచ్చింది దాలమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి, వీధికంతా పెద్ద దిక్కు. మూత పట్టుకుని తిప్పింది. కదల్లేదు. రెండు చేతులా పట్టి ఊగిపోయింది.

"ఏటే నాంచారమ్మా ఇది! మూతెట్టారా, అతికించేశారా?"

అతికించినంత పనే అయింది. ఉప్పుగాలి తట్టుకోవాలని నాంచారమ్మే పట్టుబట్టి ఇంకో పూత రంగు వేయించింది. అది మూత మర చుట్లలోకి దిగి గట్టిపడింది. సుత్తితో కొట్టి మూత ఊడదీసి, గొట్టం తగిలించి పంపు వేశారు. నోరు గుండె ఎత్తులో, గోడకు మేకులా అడ్డంగా ఉంది. నీళ్లు నిండి బరువెక్కిన గొట్టం కిందికి వేలాడి, తగిలించిన చోటే మడతపడింది. టంకీలోకి సన్నటి ధార తప్ప రాలేదు. ఇంతలో బిగింపు ఊడి గొట్టం పాములా లేచి అందరినీ తడిపేసింది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఫణిశ్రీ కళ్లజోడు ఎగిరి బురదలో పడింది.

నాంచారమ్మ ముఖం ఎర్రబడింది. ఎక్స్‌రేలో ఒక్క అతుకూ తప్పని లైను, కొనేవాళ్ల ఇంజనీరు ముందే ఇలా అయింది. వంగి కళ్లజోడు తీసి, చీరచెంగుతో తుడిచి ఫణిశ్రీ చేతికిచ్చింది.

"మంచిదే అయింది. ఇక్కడ ఎన్నిసార్లు తడిసినా మనకేం కాదు. మళ్లీ చేద్దాం."

మళ్లీ చేశారు. గొట్టం కింద డ్రమ్ము పెట్టి చూశారు, పీట పెట్టి చూశారు. నోటికి వంపు తిరిగిన ముక్క తగిలించి నేలవైపు తిప్పితే మడత పడకుండా నీళ్లు బలంగా ఎక్కాయి. మూతకు రెండు పక్కలా చెవులుండాలనీ, అది ఇత్తడిదై, రంగు అంటకూడదనీ నాంచారమ్మ తేల్చింది. ఆ ఊపులో ఇంకో మాట కూడా అంది.

"అక్కడ లోపలికి వెళ్లే లైన్లు ఇలాంటివి రెండున్నాయి కదా, నోళ్లు వేరువేరు సైజుల్లో పెడదాం. అప్పుడు కంగారులో కూడా ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టదు."

ఫణిశ్రీ అడ్డంగా తలూపింది. "అది మాత్రం వద్దు మేడమ్. ఏ జిల్లా ఫైరింజన్ వచ్చినా పట్టాలె. సైజు మార్చినమంటే సాయానికి వచ్చిన బండి వాపస్ పోవుడే."

"నిజమే. అది నాకు తట్టలేదు. రెండింటినీ దూరదూరంగా పెట్టి, వేరువేరు రంగులేద్దాం."

"గట్లయితే ఓకే. డిజైన్ వాళ్లతోని నేను మాట్లాడుత."

మాట్లాడింది, వాదించింది, ఒప్పించింది. ఇక్కడ షెడ్డులో వెల్డర్లు మాత్రం మూతులు ముడుచుకున్నారు. ఎక్స్‌రేలో నెగ్గిన అతుకును కోయమంటే ఎవరికి మనసొప్పుతుంది? నాంచారమ్మ వాళ్లను పక్కన నిలబెట్టుకుని, వంపు లేకుండా ఒకసారి, వంపుతో ఒకసారి నీళ్లు ఎక్కించి చూపింది. ఆ తర్వాత కట్టరు వాళ్లే అందుకున్నారు. కొత్త అతుకులన్నీ మళ్లీ ఎక్స్‌రే గడప దాటాయి. ఫణిశ్రీ ముద్ర వేసింది. లారీలు టాటీబంధ్ కూడలి దాటి పడమటికి బయల్దేరాయి.

లైను బిగించాక జరిగిన డ్రిల్లుకు నాంచారమ్మను పిలిచారు. కరెంటు పోయినట్టు సైరను మోగించారు. బయటి ఊరి నుంచి ఫైరింజను వచ్చింది. అందులోవాళ్లు ఆ లైనును చూడటం అదే మొదలు. ఆమె దూరంగా, హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వాళ్లు దిగారు, గొట్టం పరిచారు, తగిలించారు, పంపు వేశారు. లోపల నీటిమట్టం చూసే ముల్లు పైకి లేచింది.

అంతా అయ్యాక ఆమె ఫైరింజను సిబ్బంది నాయకుడి దగ్గరికి వెళ్లి, మూత తేలిగ్గా వచ్చిందా అని హిందీలో అడిగింది. అతను గొట్టం చుట్టుకుంటూ, "ఏ మూత మేడమ్?" అన్నాడు. ఫణిశ్రీ నవ్వాపుకోలేక అటు తిరిగింది. అంత గొప్ప మెచ్చుకోలు నాంచారమ్మకు అంతకు ముందెన్నడూ దొరకలేదు.

ఆ రాత్రి రైల్లో ఆమె కంటినిండా నిద్రపోయింది. తర్వాత ఇంకో రెండు కేంద్రాల పని ఉర్లాకే వచ్చింది. ఇప్పుడామె ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికి పెద్ద. కొత్త ఆర్డరు ఏది వచ్చినా, సరుకు పంపే తేదీ చెప్పేముందు సేఠ్‌జీ ఆమె గదిలోకి తొంగిచూసి, "రావ్ మేడమ్, మీ ఆదివారం కలుపుకునేనా?" అని అడుగుతాడు.

"కలుపుకునే సేఠ్‌జీ" అంటుంది ఆమె, తల ఎత్తకుండానే.